మన క్లబ్ చరిత్ర రాస్తున్న కమిటీకి, పాత స్కోరర్ బహిరంగ లేఖ

సంచిక కమిటీ పెద్దలకు, క్లబ్ కార్యవర్గానికి నమస్కారం.

మన బేస్‌బాల్ క్లబ్ రజతోత్సవ సంచికలో మొదటి వ్యాసంగా వేయబోతున్న ‘మన చరిత్ర’ డ్రాఫ్ట్‌ని వాట్సాప్ గ్రూపులో పెట్టి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. దాని కింద వరసగా చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు వచ్చాయి. నాకు మాత్రం అభ్యంతరాలున్నాయి. గ్రూపులో పెడితే రాత్రికల్లా గుడ్ నైట్ మెసేజ్‌ల కింద పడి కనబడకుండా పోతాయని ఇలా రాస్తున్నాను. కమిటీకి విడిగా ఇవ్వకుండా అందరికీ తెలిసేలా రాయడానికి ఇంకో కారణం ఉంది. నేను చెప్పబోయే మనుషుల్లో చాలామంది ఆ గ్రూపులో లేరు.

డ్రాఫ్ట్ ఏమంటోందంటే, ఊళ్లో ఒక పెద్దమనిషి అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లి, అక్కడ బేస్‌బాల్ చూసి ముచ్చటపడి, తిరిగొచ్చాక మన విజయనగరం కుర్రాళ్లకి బ్యాట్లు, గ్లవ్‌లు ఇచ్చి క్లబ్‌ని స్థాపించారు. ఆ రోజు ఫొటో కూడా ఉంది. శాలువా, పూలదండ, వెనకాల బ్యానర్. ఫొటో అబద్ధం కాదు. కిట్ ఇచ్చిన మాటా నిజమే. ఆయన ఇచ్చిన క్యాచర్ మాస్క్ లేకపోతే మన కుర్రాళ్లలో ఒకరిద్దరికి ముందు పళ్లు మిగిలేవి కావు. దాతగా ఆయన పేరు పెద్ద అక్షరాలతో వెయ్యండి, నాకేం ఇబ్బంది లేదు. కానీ ఆయన కిట్ ఇచ్చేనాటికి క్లబ్ ఆడుతూనే ఉంది. ఆడుతున్నది కుర్రాళ్లు కూడా కాదు.

ఇది నా జ్ఞాపకం మీద ఆధారపడి చెబుతున్న మాట కాదు. మొదటి స్కోరు పుస్తకం నా దగ్గరుంది. బట్టల కొట్లో పద్దులు రాసే పొడుగాటి పుస్తకం అది. స్కేలుతో గళ్లు గీసి, ప్రతి గడిలో పరుగు తీసేవాళ్లు తాకాల్సిన నాలుగు బేస్‌లకి గుర్తుగా చిన్న డైమండ్ వేసి ఉంటుంది. మొదటి పేజీ పైమూల చెద తినేసింది, తేదీ పోయింది. మిగిలిన పేజీలన్నీ చదవొచ్చు. ఆ పుస్తకంలో మొదటి సగం బేస్‌బాల్‌కి దగ్గరి ఆట అయిన సాఫ్ట్‌బాల్ మ్యాచ్‌లు. ఆడినవాళ్లందరూ అమ్మాయిలు. అందులో సెకండ్ బేస్ దగ్గర నా పేరు కూడా ఉంటుంది, అది పక్కన పెట్టండి.

కమిటీలో కొత్తవాళ్లు కూడా ఉన్నారు కాబట్టి స్కోరు ఎలా చదవాలో కాస్త చెబుతాను. ఆటగాళ్ల స్థానాలకి అంకెలుంటాయి. బంతి విసిరే పిచర్ 1, బ్యాటర్ వెనక పట్టుకునే క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, ఆ వెనక లెఫ్ట్, సెంటర్, రైట్ ఫీల్డ్ వరసగా 7, 8, 9. స్ట్రైక్ అవుట్ అయితే, అంటే మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ అవుటైతే, ‘కె’ అని రాస్తాం. బ్యాట్ ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే ఆ అక్షరాన్నే తిరగేసి రాస్తాం. బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వెళ్లి అవుటైందో అంకెలు చెబుతాయి. ఆ పుస్తకంలో ఒక మ్యాచ్, మూడో ఇన్నింగ్స్ చూడండి. మొదటి బ్యాటర్ 4-3. అంటే సెకండ్ బేస్ అమ్మాయి బంతి ఆపి ఫస్ట్ బేస్‌కి విసిరింది. రెండో ఆమెకి వాక్, అంటే పిచర్ నాలుగు బంతులు గురితప్పి వేస్తే ఊరికే ఫస్ట్ బేస్ దక్కింది. మూడో ఆమె కొట్టిన బంతి 6-4-3, షార్ట్‌స్టాప్ పట్టి సెకండ్‌కి, అక్కణ్నుంచి ఫస్ట్‌కి. డబుల్ ప్లే, అంటే ఒకే బంతికి ఇద్దరు అవుట్. మొత్తం ముగ్గురయ్యారు, ఇన్నింగ్స్ అయిపోయింది. పక్కన మార్జిన్‌లో చిన్న అక్షరాలతో “బంతి కుట్టు ఊడింది. కుట్టించడానికి పంపాం” అని ఉంది. ఆ మ్యాచ్ ఏడు ఇన్నింగ్స్ పూర్తి కాలేదు. బంతి తిరిగొచ్చేసరికి చీకటి పడింది.

డ్రాఫ్ట్‌లో ‘ఆరంభ దినాల్లో ఔత్సాహిక యువకులు’ అని ఉంది కదా, ఆ 6-4-3 చేసిన ముగ్గురూ లంగా వోణీలు విప్పి ట్రాక్ ప్యాంట్లు వేసుకోవడానికి ఇంట్లో గొడవపడి వచ్చినవాళ్లు. వాళ్లకి ఆట నేర్పింది ఒక ఆడపిల్లల హైస్కూలు పీఈటీ టీచర్. ఆ పుస్తకానికి గళ్లు గీసిందీ, నాకు స్కోరు రాయడం నేర్పిందీ ఆవిడే. అలాగని ఆవిణ్ని ‘వ్యవస్థాపకురాలు’ చేసెయ్యమని నేను అడగడం లేదు. స్కూలు బీరువాలో తనకంటే ముందున్నవాళ్లు వదిలేసిన రెండు బ్యాట్లు, మూడు బంతులు దొరికితే ఆడించడం మొదలుపెట్టానని ఆవిడే చెప్పేవారు. ఆ ముందువాళ్లెవరో ఆవిడకీ తెలీదు. క్లబ్‌ని ఫలానా మనిషి ఫలానా రోజున పుట్టించారని రాయాలన్న పట్టుదల ఎందుకు? చాలా ఆటలు అలా పుట్టలేదు. మనం ఆడే ఆటయితే అసలే అలా పుట్టలేదు.

అమెరికాలో ఈ పట్టుదలకి పోయి ఏం చేశారో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. హెన్రీ చాడ్విక్ అని ఒక పత్రికా రచయిత ఉండేవాడు. పుట్టింది ఇంగ్లండ్‌లో, మొదట రాసింది క్రికెట్ వార్తలు. బేస్‌బాల్ స్కోరుని పట్టికగా వెయ్యడం జనానికి అలవాటు చేసింది ఆయనే. మా స్కోరర్లకి పెద్దదిక్కు అన్నమాట. ఇంగ్లండ్ పిల్లలు ఆడే రౌండర్స్ నుంచే బేస్‌బాల్ వచ్చిందని ఆయన అన్నాడు. ఒకప్పటి పిచర్, ఆట సామాన్ల వ్యాపారి ఆల్బర్ట్ స్పాల్డింగ్‌కి అది రుచించలేదు. మన ఆట మన గడ్డ మీదే పుట్టాలి అన్నాడు. 1905లో మిల్స్ కమిషన్ అని ఒక కమిటీ వేశారు. దానికి ఎబ్నర్ గ్రేవ్స్ అనే పెద్దాయన రాసిన ఉత్తరం చేరింది. 1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఎబ్నర్ డబుల్‌డే ఈ ఆటని కనిపెట్టాడని అందులో ఉంది. డబుల్‌డే అంటే అంతర్యుద్ధంలో పేరు తెచ్చుకున్న జనరల్. ఇంకేం కావాలి? 1907 చివర్లో కమిటీ అదే తేల్చేసింది.

1839 నాటికి ఆ ఉత్తరం రాసినాయనకి అయిదేళ్లు. డబుల్‌డే ఆ ఏడాది వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చదువుకుంటున్నాడు. ఆయన ఎక్కడా ఈ ఆట నేను కనిపెట్టానని రాసుకోలేదు. కమిటీ వేసేనాటికి ఆయన పోయి పన్నెండేళ్లయింది కాబట్టి అడగడానికీ లేదు. అయినా 1939లో బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం ఆ ఊళ్లోనే తెరిచారు. ఇప్పుడు ఆ కథని చరిత్రకారులెవరూ నమ్మరు, మ్యూజియం మాత్రం అక్కడే ఉంది. మన డ్రాఫ్ట్‌లో కూడా ఒక పెద్దాయన, ఒక ఫొటో, ఒక జ్ఞాపకం ఉన్నాయి. వాటితో సంచిక వేసేస్తే రేపు క్లబ్ గదికి ఆయన పేరు పెడతారు. ఆ తర్వాత ఎవరు ఏ పుస్తకం చూపించినా బోర్డు మారదు.

అదే దేశంలో ఇంకోరకం ఉదాహరణ కూడా ఉంది. నిక్కర్‌బాకర్స్ అని 1845 నాటి న్యూయార్క్ క్లబ్. డబ్బు తీసుకోకుండా సరదాకి ఆడిన గుమాస్తాలు, చిన్న వ్యాపారస్థులు. మనలాంటివాళ్లే. వాళ్ల స్కోరు పుస్తకాలు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. 19 జూన్ 1846న వేరే జట్టుతో ఆడి 23-1 తేడాతో చిత్తుగా ఓడిపోయారు. నోరు పారేసుకున్నందుకు ఒక ఆటగాడికి 6 సెంట్ల జరిమానా వేసిన సంగతి కూడా ఆ పుస్తకంలో ఉంది. (మనం అలా వసూలు చేసి ఉంటే ఇవాళ సొంత గ్రౌండ్ కొనేవాళ్లం.) రెండు జట్ల మధ్య జరిగిన మొదటి మ్యాచ్ అదేనని చాలాకాలం అనుకున్నారు. తర్వాత ఎవరో పాత పేపర్లు తిరగేస్తే 1845 అక్టోబరులోనే వేరే జట్లు ఆడిన మ్యాచ్‌ల వార్తలు దొరికాయి. కాగితం వెతికితే మొదలు అనుకున్నది ఇంకా వెనక్కి జరిగింది. మన పాతికేళ్ల లెక్క ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? ఆ ఫొటో వెనక స్టూడియో వాళ్లు వేసిన ముద్ర మీద ఉన్న సంవత్సరం నుంచి.

కుర్రాళ్ల సంగతికి వస్తాను. వాళ్ల చరిత్ర తక్కువేం కాదు, డ్రాఫ్ట్‌లో ఉన్నదానికంటే బాగుంటుంది కూడా. అప్పల్ని, అంటే అక్కల్ని, ప్రాక్టీసుకి సైకిల్ మీద దిగబెట్టడానికి వచ్చిన తమ్ముళ్లు వాళ్లు. ప్రహరీ అవతల పడ్డ బంతులు తెచ్చేవారు. “నాను ఓపాలి కొడతానే అప్పా” అని బతిమాలేవారు. అలా మొదలైంది మన బేస్‌బాల్. సాఫ్ట్‌బాల్‌లో పిచర్ చెయ్యి కిందనుంచి విసురుతుంది, బంతి చుట్టుకొలత 12 అంగుళాలు. బేస్‌బాల్ బంతి 9 అంగుళాల చిల్లర, పైనుంచి విసరాలి, పిచర్‌కీ, బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్‌కీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు. దూరం కొలవడానికి టేపు లేక తాడుకి ముడులు వేసుకున్నారు. బేస్‌లు కొనే డబ్బుల్లేవు. జూట్ మిల్లుల ఊళ్లో గోనెసంచులకి కరువా? సంచిని నాలుగు మడతలు వేసి ఇసక పోసి కుట్టేసేవారు. వానపడితే ఒక్కోటీ ఎత్తడానికి ఇద్దరు కావాలి. కాలు జారించి బేస్ అందుకునేవాళ్లకి పిక్కల మీద గోనె పీచు గీరుకుపోయిన చారలుండేవి, స్నానం చేస్తే భగ్గుమనేది.

అందరూ క్రికెట్ ఆడి వచ్చినవాళ్లే. బంతి కొట్టగానే బ్యాట్ పట్టుకుని పరిగెత్తేవారు. అంపైర్‌గా నిలబడిన మేస్టారు వెనకనుంచి “బ్యాట్ ఒగ్గీరా, ఒగ్గీ!” అని, అంటే వదిలెయ్యమని, అరిచేవారు. బంతి ఫీల్డర్ చేతికి దగ్గరగా వెళ్తే పరిగెత్తకుండా నిలబడిపోయేవారు. క్రికెట్‌లో అది చెల్లుతుంది, ఇక్కడ బంతి గీతల లోపల పడిందంటే పరిగెత్తి తీరాలి. గ్లవ్ ఉన్నా రెండు చేతులూ చాచడం మానేవారు కాదు. ఎడమచేతి వాటం కుర్రాడు ఒకడుండేవాడు. వాడికి గ్లవ్ కుడిచేతికి కావాలి, ఊళ్లో ఎక్కడా దొరకలేదు. రెండేళ్లపాటు బంతి పట్టి, చంకలో గ్లవ్ ఇరికించి తీసేసి, అదే చేత్తో విసిరేవాడు. ఆ లోపల రన్నర్ ఇంకో బేస్ దాటేవాడు. స్కోరులో అది ఎర్రర్ (ఫీల్డర్ తప్పు) కింద రాయాలా వద్దా అని మేం వాదించుకున్న మాట కూడా మార్జిన్‌లో ఉంది. ఈ కుర్రాడి ఊసు డ్రాఫ్ట్‌లో లేదు. కిట్ ఇచ్చిన ఆయన కారు మోడల్ మాత్రం ఉంది.

అమెరికాలో 1943 నుంచి 1954 దాకా ఆడవాళ్ల ప్రొఫెషనల్ లీగ్ ఒకటి నడిచింది. వాళ్లూ ముందు 12 అంగుళాల బంతితో, కిందనుంచి విసిరే పిచింగ్‌తోనే మొదలుపెట్టి, 1948 కల్లా పైనుంచి విసిరే ఆటకి మారారు. కూపర్స్‌టౌన్ మ్యూజియంలో వాళ్లకంటూ ఒక ప్రదర్శన పెట్టింది 1988లో. మన అమ్మాయిలకి అంతకాలం పట్టించకండి. పోనీ మన జిల్లాల ఆడపిల్లల సంగతి మీకు తెలీదా అంటే, డ్రాఫ్ట్ మొదటి పేరాలోనే కరణం మల్లీశ్వరి ఉంది. ఆమదాలవలస దగ్గర వూసవానిపేట అమ్మాయి 2000లో సిడ్నీలో పతకం తెచ్చి, ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ అయిందని గర్వంగా రాశారు. సంతోషమే. మన గ్రౌండ్‌లోనే గోనె బేస్‌ల మీద పడి మోకాళ్లు చెక్కుకున్న అమ్మాయిల గురించి ఒక్క వాక్యం రాయడానికి చోటు లేకపోయిందా?

ఆ పేరాలోనే కోడి రామ్మూర్తి, విజ్జీ కూడా ఉన్నారు. తీసెయ్యండి. రామ్మూర్తి గారు మల్లయోధుడు, విజ్జీ 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్. ఆ పర్యటన గురించి క్రికెట్ తెలిసినవాళ్లు ఏమంటారో వాళ్లనే అడగండి. ఇద్దరికీ బేస్‌బాల్‌తో ఏ సంబంధమూ లేదు. పెద్దవాళ్ల పేర్లు తగిలిస్తే మన క్లబ్ వయసు పెరగదు.

జిల్లాల సంగతి ఒకటి. డ్రాఫ్ట్‌లో ‘శ్రీకాకుళం జట్టుపై ఘన విజయం’ అని ఒక మ్యాచ్ గురించి రాశారు. ఆ రోజు శ్రీకాకుళం తరఫున పిచింగ్ చేసిన కుర్రాడిది రాజాం. 4 ఏప్రిల్ 2022న కొత్త జిల్లాలు వచ్చాక రాజాం మన విజయనగరం జిల్లాలోకి వచ్చింది, ఆ కుర్రాడు ఇప్పుడు మన క్లబ్ కోచ్. అతని సర్టిఫికెట్లలో ఒక జిల్లా, ఆధార్‌లో ఇంకో జిల్లా. ఉద్యోగానికి వెళ్లినచోటల్లా ఇదో టెన్షన్. పార్వతీపురం అబ్బాయిలది ఇంకో కథ, వాళ్లకి మన్యం జిల్లా అయింది. అసలు మన జిల్లాయే 1 జూన్ 1979న పుట్టింది, అంతకుముందు బొబ్బిలి కూడా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది. అందుకని ఆటగాళ్ల పేర్ల పక్కన జిల్లా బదులు ఊరు పేరు వెయ్యండి. స్కోరు పుస్తకంలో ఎక్కువమందికి ఊరు రాసే ఉంది.

కప్పుల జాబితా మీద నాకు పెద్దగా చెప్పాల్సింది లేదు. సరిగ్గానే ఉంది. ఓడిపోయిన మ్యాచ్‌ల జాబితా కూడా వేస్తే రెండు పేజీలు పెరుగుతుంది, ఖర్చు నేను భరిస్తాను.

గ్రౌండ్ గురించి డ్రాఫ్ట్‌లో ‘వివిధ మైదానాల్లో’ అని దాటేశారు. ఎందుకు దాటేశారో నాకు తెలుసు, ఎవరికీ కోపం రాకూడదని. పేర్లు వద్దులెండి. కానీ మనం మారిన ప్రతి గ్రౌండ్ వెనకా దాదాపు ఒకే కారణం ఉంది. మధ్యలో క్రికెట్ పిచ్ ఉంటుంది, మన సెకండ్ బేస్ సరిగ్గా దాని మీద పడుతుంది. స్పైకులతో పరిగెత్తితే పిచ్ పాడవుతుందని వాళ్ల గోల. అందులో న్యాయం లేకపోలేదు. ఒకసారి డైమండ్‌నే తిప్పేసి హోమ్ ప్లేట్‌ని పడమర వైపు పెట్టుకున్నాం. సాయంత్రం మ్యాచ్‌ల్లో ఫీల్డర్ల కళ్లలో ఎండ కొట్టేది. ఆ సీజన్‌లో ఎర్రర్లు ఎలా పెరిగాయో పుస్తకంలో చూడొచ్చు. చూసినవాళ్లు ఆటగాళ్లు దద్దమ్మలనుకుంటారు, అందుకే చెబుతున్నాను.

ఇంకొక పేజీ గురించి చెప్పి ముగిస్తాను. పైన తేదీ 12 అక్టోబరు 2014, ఆదివారం. మ్యాచ్ కోసం వారం ముందే గళ్లు గీసి జట్ల పేర్లు రాసి పెట్టుకున్న పేజీ అది. లోపల ఒక్క గడిలో కూడా గీత లేదు. ఆ రోజు హుద్‌హుద్ తుఫాను తీరం దాటింది. తర్వాతి పేజీలో కొన్ని వారాల తర్వాత తేదీతో మ్యాచ్ ఉంది. పైన ఆరోజు అంపైర్లు ఒప్పుకున్న నియమం రాసి ఉంది. “సెంటర్ ఫీల్డ్‌లో చెట్టు పడి ఉంది. బంతి దానికి తగిలితే రెండు బేస్‌లు.” ఆ చెట్టు పుణ్యాన ఆ మ్యాచ్‌లో మూడు డబుల్స్ వచ్చాయి. 2020లో అయితే పుస్తకం తెరవనేలేదు, అందరికీ తెలిసిన సంగతే.

ఇక నేను అడుగుతున్నవి. ‘స్థాపించారు’ అన్న మాట తీసేసి ‘కిట్ బహూకరించారు’ అని రాయండి. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ జట్టుతో వ్యాసం మొదలుపెట్టండి. వాళ్లలో చాలామంది ఇంటిపేర్లు పెళ్లిళ్లయ్యాక మారాయి, పాత పేరూ కొత్త పేరూ రెండూ వెయ్యండి, లేకపోతే వాళ్ల పిల్లలకి కూడా తెలీదు. కొందరి జాడ నాకు తెలుసు. ఒకామె గజపతినగరంలో టైలరింగ్ చేస్తోంది, ఒకామె విశాఖలో కానిస్టేబుల్. ఇద్దరినీ స్టేజి మీదకి పిలవండి. శాలువాలు ఎలాగూ కొంటున్నారు కదా. రజతోత్సవం అన్న మాట మాత్రం మీ ఇష్టం. బ్యానర్ ప్రింటుకి ఇచ్చేశారని విన్నాను. లోపల వ్యాసంలో ‘కనీసం పాతికేళ్లు’ అని రాస్తే సరిపోతుంది.

సంస్థానం రోజుల్లో గురజాడ అప్పారావు గారు శాసనాలు పరిశోధించిన ఊరు ఇది. మన స్కోరు పుస్తకాలు శాసనాలేం కావు గానీ, వాటిని స్కాన్ చేయించి ఒక ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయానికి ఇవ్వడానికి పెద్ద ఖర్చవదు. నా దగ్గర మొదటిదీ, రెండోదీ, నాలుగోదీ ఉన్నాయి. మూడోది ఒక టోర్నమెంట్‌లో ప్రొటెస్ట్ వచ్చినప్పుడు సాక్ష్యంగా ఇచ్చాం, తిరిగి రాలేదు. ఎడమచేతి కుర్రాడికి చివరికి గ్లవ్ దొరికిన సీజన్ దాంట్లోనే ఉంది. అప్పట్లో కార్యవర్గంలో ఉన్నవాళ్లు ఇళ్లలో అటకలు ఒకసారి చూడండి. నీలం అట్ట, వీపు దగ్గర తెల్ల టేపు అంటించి ఉంటుంది.

ప్రెస్‌కి ఇచ్చే ముందు ప్రూఫ్ నాకు పంపండి. స్కోర్లు, పేర్లు నేను సరిచూసి మర్నాడే ఇచ్చేస్తాను.

ఇట్లు,
క్లబ్ పాత స్కోరర్,
విజయనగరం